పెట్టె నెత్తిన బొట్టు

విశాఖపట్నం,
14-11-2007

అన్నయ్యా,

అందరం క్షేమం. నాన్న వేటకు ముందు గాలి చూసుకోవడానికి నువ్వు పంపిన వాతావరణం పెట్టె ఒక్కటే మొన్నటిదాకా సుఖంగా లేదు. గుజరాత్ రేవులో నీ ఫోను కలవక ఈ కార్డు రాస్తున్నాను.

మేడ మీద పెట్టెకు నువ్వు చెప్పినట్టే రీఛార్జి సెల్లులు కాకుండా, ద్వారకా నగర్ అంతా తిరిగి ఆల్కలైన్ సెల్లులు తెచ్చి వేశాను. వారానికే అయిపోయాయి. ఇంకో జత వేస్తే అవీ అంతే. ఇంట్లో పెట్టిన దాని తెర మీద గాలి అంకెల బదులు గీతలు!

ఆదివారం నిచ్చెనెక్కి చూద్దును కదా, కొత్త పడవకు పెట్టినట్టు పెట్టె నెత్తినున్న సోలార్ ప్లేటు నిండా పసుపు పూసి మూడు బొట్లు పెట్టి ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులని బిందె ఎత్తని మన అమ్మే నిచ్చెనెక్కింది! ఎండ తగలక పెట్టె పగలు కూడా సెల్లుల మీదే నడవడంతో అవి చచ్చాయి. తడిగుడ్డతో తుడిచేశాను. అదే నా తప్పయింది.

“మీ అయ్యని కాసేదాని బొట్టు సెరిపేసినావేటే! ఇంక ఏటకి ఎల్లనిత్తానా నాను?” అంది.

ఇప్పుడు అంకెలు చక్కగా వస్తున్నాయి, గాలీ తక్కువే. అయినా నాన్న మూడు రోజులుగా ఇంట్లో కూర్చుని నా కూరలకు వంకలు పెడుతున్నాడు.

బొట్టు ప్లేటు మీద కాదు, అడుగున సెల్లుల మూత మీద పెట్టాలని అమ్మకు నీ చేత్తో రాయి. పెట్టె పంపినవాడు చెబితేనే వింటుందట. ఎండుచేపలు అందాయా? ఆ ముక్క కూడా రాయవేం?

అమ్మ నిన్నూ, నీ పెట్టెనూ చల్లగా ఉండమని దీవించింది. నన్ను దీవించలేదు.

నీ చెల్లెలు
సాయిదుర్గ