ఒక్క ఓటు, మూడు గోతులు

మేనల్లుడికి,

నువ్వు మమ్మల్ని అమ్మేశావు. ఆశీస్సులు ఇంకోసారి పంపిస్తాను, ముందు ఇది చదువు.

బస్సు డిపోలో డ్యూటీ దిగి, గ్రీజు చేతులతోనే నీ పోస్టర్లు అంటించిన మెకానిక్కుని అడుగుతున్నాను. పాత ప్రభుత్వం మన కాలనీ ఆసుపత్రిలో కాన్పుల గది మూసేసిందనే కదరా జనం నీకు ఓటేసింది? దేశం మొత్తం మీద మన పార్టీకి వచ్చింది నీ ఒక్క సీటు. పార్టీ సమావేశం అంటే నువ్వు అద్దం ముందు నిలబడటమే. మూడు పార్టీలు కలిసినా సగం దాటని ప్రభుత్వానికి భుజం పట్టావు. పడితే పట్టావు, బదులుగా ఏమడిగావు? నీ చెల్లెలికి నెలలు నిండుతున్నాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉందట. ఆ ఆసుపత్రిలో నర్సుగా ఎన్ని పురుళ్లు పోసిందో మీ అమ్మ! ఆవిడే, ఈ కాన్పుకి డాక్టరు ఉండాల్సిందేనంటోంది.

మామయ్య

తా.క. పేపర్లో ప్రధాని పక్కన నవ్వుతున్నావు. పన్ను నొప్పేమోనని మీ అమ్మ కంగారుపడింది.

*

మామయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం మూడు పార్టీల సమన్వయ సంఘంలో చదివి వినిపించాను, మొదటి వాక్యం తప్ప. అందరూ కదిలిపోయారు. ఆసుపత్రికి వెంటనే శంకుస్థాపన! పెద్ద పార్టీ మంత్రిగారే స్వయంగా వస్తున్నారు.

మీ అల్లుడు

తా.క. ఆసుపత్రి ఇప్పటికే ఉందని చెప్పాను. ఉన్నదానికే శంకుస్థాపన చేస్తే కట్టే బాధ ఉండదని మెచ్చుకున్నారు.

*

ఒరేయ్ అల్లుడూ,

వచ్చాడు నీ మంత్రి. సరిగ్గా గుమ్మం ముందు గొయ్యి తీయించి రాయి పాతాడు. ఇప్పుడు రోగులు గోడకి ఒరుసుకుంటూ లోపలికి వెళ్తున్నారు. ఒక్క రాయి పాతేసి చేతులు దులుపుకుంటారా? మిగతా రెండు పార్టీలూ ఏం చేస్తున్నాయి, గాడిదలు కాస్తున్నాయా?

మామయ్య

తా.క. రాయి మీద నీ పేరు అట్టడుగున ఉంది. చదవడానికి నీ చెల్లెలు వంగబోతే మీ అమ్మ నన్ను తిట్టింది.

*

మామయ్యకు నమస్కారాలు.

మీ కోపంలో న్యాయం ఉంది. ఒక్క రాయి అన్యాయమే. మిగతా రెండు పార్టీలూ సరిగ్గా ఆ మాట మీదే అలిగి కూర్చున్నాయి. మీ ఉత్తరం చూపించగానే చిక్కుముడి విడిపోయింది. గుమ్మానికి ఎడమవైపు ఒక రాయి, కుడివైపు ఒక రాయి. గోతులు తవ్వుతున్నారు. శనివారం నేనే వచ్చి దగ్గరుండి వేయిస్తాను. సోమవారం సభలో బలపరీక్ష. నా ఒక్క ఓటుతో గట్టెక్కుతాం, నేను లేకపోతే ప్రభుత్వం లేదు. చెల్లికి ధైర్యం చెప్పండి.

మీ అల్లుడు

తా.క. మూడు పార్టీలూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న మొదటి విషయం ఇదే. మీ పేరు చరిత్రలో ఉంటుంది. రాయి మీద చోటు చాలలేదు.

*

ప్రధానమంత్రి గారికి,

మీ మెజారిటీ మా దగ్గర మంచం మీద ఉంది. కంగారుపడకండి, భోజనం చేస్తోంది.

మీ ప్రభుత్వాన్ని మోస్తున్న ఆ ఒక్క ఎంపీకి నేను మేనమామను. నిన్న వాడు మీ మిత్రపక్షం ఒకదాని రాయి మీద గుడ్డ లాగబోయి, ఇంకో మిత్రపక్షం గోతిలో పడ్డాడు. కాలు విరిగినట్టుంది. అదృష్టం, ఆసుపత్రి ముందే పడ్డాడు. దురదృష్టం, లోపల డాక్టరు లేడు. ఖాళీగా ఉన్నది కాన్పుల గది ఒక్కటే కాబట్టి తాళం పగలగొట్టి అందులో పడుకోబెట్టాం. మా అక్కయ్య కట్టు కట్టింది. డాక్టరు చూసి సరేననేదాకా, ప్రభుత్వం ఉన్నా ఊడినా, కొడుకుని కదలనివ్వనంటోంది. మీ కారు వస్తే డ్రైవరుకి టీ ఇచ్చి పంపుతాం. మా డిపో వాళ్లు గుమ్మంలోనే కూర్చున్నారు. వాడేమో పళ్లు బిగబట్టి, "మీరు రాయండి మామయ్యా, సంతకం నేను పెడతా" అన్నాడు. పెట్టాడు, కింద చూడండి.

బలపరీక్ష రేపే కనుక ఈ ఉత్తరం రాజధానికి వెళ్లే మా బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. మా డిమాండ్లు:

ఒకటి, కాన్పుల డాక్టరు. ఇవాళే రావాలి, వచ్చాక ఇక్కడే ఉండాలి.

రెండు, ఎముకల డాక్టరు. మొదటావిడ లోపల అడుగుపెట్టాకే ఈయన్ని రానిస్తాం.

మూడు, కాన్పుల గదికి కరెంటు, నీళ్లు, రాత్రిపూట ఇంకో నర్సు.

నాలుగు, మూడు గోతులూ పూడ్చాలి.

అయిదు, రాళ్లు ఎవరివి వాళ్లు పట్టుకుపోవాలి.

ఎంపీ మేనమామ

(సంతకం) ఎంపీ