మూడు మంచాల గది

లాండ్రీ షాపు గల్లా దగ్గర నుంచి,
ఆదివారం మధ్యాహ్నం.

గౌరవనీయులైన వదినగారికి,

మీ మరదలు నమస్కరించి విన్నవించుకునే సంగతులు. ఇక్కడ మేమిద్దరం, రెండు వాషింగ్ మెషిన్లు, మీకు గిట్టని ఆ ఆరబెట్టే మెషిన్, అందరం క్షేమం. మీ క్షేమం ప్రత్యేకంగా అడగాల్సిన పని లేదు. పొద్దున లేచి మా వెనక కిటికీ తెరిస్తే మీ మేడ మీద దండేలు కనిపిస్తాయి. ఎండ రాకముందే దుప్పట్లు వరస కట్టి ఉంటే వదిన హుషారుగా ఉన్నారని, ఆలస్యమైతే జలుబు చేసిందని అనుకుంటాం. పోయిన నెల ఒకరోజు బారెడు పొద్దెక్కినా మీ దండేలు ఖాళీగా ఉన్నాయి. మీ తమ్ముడు ఎవరికో కోటు ఇచ్చి వస్తానని పరుగెత్తి, కాసేపటికి అదే కోటుతో తిరిగొచ్చారు. మీరు మెట్ల మీద కూర్చుని బట్టల క్లిప్పులు అమ్మేవాడితో బేరమాడుతున్నారని చెప్పి, గ్లాసుడు నీళ్ళు తాగి పనిలో పడ్డారు. కోటు సంగతి నేనూ అడగలేదు.

రెండు వీధుల అవతల ఉన్న మనిషికి పోస్టులో ఉత్తరమేమిటని మీరు నవ్వుకుంటారు. నిన్న స్టాంపు అమ్మినావిడ కూడా కవరు మీద చిరునామా చూసి నవ్వింది. ఏం చేయమంటారు? ఫోన్ చేస్తే మా నంబరు చూసి మీరు ఎత్తరు. స్వయంగా వస్తే, నా చేతిలో మా షాపు సంచీ కనపడగానే షట్టర్ దించేస్తారు. పోయినసారి సగం దిగిన షట్టర్ కింద నుంచి మీ చెప్పులతో మాట్లాడి వచ్చాను. అవి మర్యాదగానే విన్నాయి.

అసలు సంగతికి వస్తాను. మేము దీవికి వెళుతున్నాం. రెండు రాత్రులు. వచ్చే గురువారం పొద్దున లాంచీ. మీరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదవనక్కర్లేదు, ఇది తుఫాన్ల కాలమని మాకూ తెలుసు. టికెట్ల ఆఫీసులో అమ్మాయి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. రెండు నెలలు ఆగితే సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంటుందట. ఇప్పుడైతే లాంచీ వెళ్ళినా వెళ్ళొచ్చు, వెళ్ళింది తిరిగి రాకపోయినా రాకపోవచ్చు అంది. మీ తమ్ముడు అంతా శ్రద్ధగా విని, సరే, ఆ వారానికే ఇవ్వమన్నారు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పే వచ్చారా అని అడిగింది. మాకున్న పెద్దదిక్కు మీరొక్కరే. అందుకే చెబుతున్నాను.

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే కదా వదినా. పోనీ వ్యాపారం లేని రోజులా అంటే అదీ కాదు. వాన పట్టిందంటే ఊళ్ళో ఏ ఇంట్లోనూ రుమాలు కూడా ఆరదు. అందరూ తడి మూటలు మోసుకొచ్చి మా గుమ్మం ముందు నిలబడతారు. మాకు ఏడాది మొత్తం మీద నాలుగు డబ్బులు మిగిలేది ఈ వానల్లోనే. గాలి వచ్చినప్పుడే తూర్పార పట్టుకోవాలంటారు పెద్దలు. ఈయన సరిగ్గా గాలి లేచిన వారం చూసుకుని, చేట అవతల పారేసి, పద పోదాం అంటున్నారు. ఎందుకయ్యా ఈ వారమే అని నెత్తీ నోరూ కొట్టుకుని అడిగితే, మా నాన్న ఎప్పుడూ వానల్లోనే వెళదామనేవాడు అన్నారు. మామగారు అలా ఎందుకనేవారో మీకే తెలియాలి. నేను ఈ ఇంటికి వచ్చేసరికి ఆయన ఫోటోలో ఉన్నారు.

ఇక మీ తమ్ముడి సన్నాహాలు వినండి. సముద్రం మీద కడుపులో తిప్పకుండా ఉండాలంటే ముందే అలవాటు చేసుకోవాలని ఎవరో చెప్పారట. అప్పట్నుంచి రోజూ పెద్ద వాషింగ్ మెషిన్ నీళ్ళు పిండే వేళకి దాని మీదెక్కి కూర్చుంటున్నారు. అది దడదడలాడుతుంటే ఈయన రెండు చేతులతో అంచులు పట్టుకుని, గోడ మీద ఒకచోట చూపు నిలిపి, కెరటం మీద ఉన్నట్టు ఊగుతారు. నిన్న బ్యాంకు మేనేజరుగారు చొక్కాల కోసం వచ్చి ఆ దృశ్యం చూశారు. ఏమైందని నన్ను కళ్ళతోనే అడిగారు. మెషిన్ కొత్తగా బాగు చేయించాం, బరువు పెట్టి చూస్తున్నాం అన్నాను. ఆయన చొక్కాలు తీసుకుని, గుమ్మం దాకా వెనక్కి నడిచి వెళ్ళారు.

సూట్లకు వేసే ప్లాస్టిక్ కవర్లున్నాయి కదా, వాటికి చేతుల దగ్గర చిల్లులు చేసి రెయిన్‌కోట్లు తయారుచేశారు. నాకు తొడిగి చూశారు. అద్దంలో చూసుకుంటే రేపు ఇవ్వాల్సిన పట్టుచీరలా ఉన్నాను. కొక్కెం ఒక్కటే తక్కువ. సామాను సర్దడానికి కూడా అవే కవర్లు. పంటి బ్రష్షు నుంచి చెప్పుల దాకా అన్నీ కవర్లలో పెట్టి, మీద చీటీలు అంటించి, అలవాటు కొద్దీ ఎప్పుడు ఇవ్వాలో కూడా రాసేశారు. నా చెప్పులు నాకు శనివారం దొరుకుతాయట.

ఇక్కడ ఆపాల్సి వచ్చింది. ఎవరో కర్టెన్లు తెచ్చారు. కుక్క పడుకున్న కర్టెన్లని వాసన చూస్తేనే తెలుస్తోంది, కుక్క లేదని ఆవిడ వాదన. సరే.

బస ఎక్కడో మీరు ఊహించే ఉంటారు. మన లాడ్జే. మామగారి రోజుల నుంచి వారం వారం దుప్పట్లు పంపుతున్న ఆ లాడ్జి. ఇన్నేళ్ళు దాని మైల వదిలించాం కానీ దాని మొహం చూసిన పాపాన పోలేదు. అయినా మనకు తెలియని గది అందులో లేదు. గదికో రంగు దారంతో దుప్పటి అంచున గుర్తు కుట్టింది మీరే కదా, ఆ దారాలు ఇప్పటికీ ఊడలేదు. మీ తమ్ముడు గదిని ఆ దుప్పట్లు చూసి ఎంచుకున్నానన్నారు. పచ్చ దారం గది దుప్పట్లకి గుండ్రటి తుప్పు మరకలుంటాయి, అంటే పైకప్పు కారుతోంది. ఎర్ర దారం గదిలో తలగడ గలీబుల మీద కాటుక మరకలు, అంటే అక్కడ దిగినవాళ్ళు ఏడుస్తున్నారు, కారణం మనకెందుకు. నీలం దారం గది దుప్పట్లకి మాత్రం ఎప్పుడూ కాఫీ మరకలే. అంటే పొద్దెక్కినా మంచం దిగబుద్ధి కాక కాఫీ అక్కడికే తెప్పించుకుంటున్నారు, అంటే కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది. కాబట్టి నీలం దారం గది. ఈ తెలివి లెక్కల పరీక్షలో ఉంటే ఈపాటికి మీ తమ్ముడు కలెక్టరయ్యేవారు.

చిక్కల్లా ఒకటే. ఆ గదిలో మూడు మంచాలున్నాయట. కారని గది అదొక్కటేనట, అందుకే వేరే దారి లేక తీసుకున్నానని ఆయన నాలుగుసార్లు చెప్పారు. ఒకసారి చెబితే నమ్మేదాన్ని.

వదినా, ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకో చెబుతాను. ఆ మూడో మంచం ఖాళీగా ఉంటుంది. మీరు రండి. నేను రాస్తున్నట్టు మీ తమ్ముడికి తెలియదు, తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తారు. మీరు పలకరించనక్కర్లేదు. గురువారం పొద్దున నేరుగా రేవుకి వచ్చి లాంచీలో ఎక్కి కూర్చుంటే చాలు. నడిసముద్రంలో ఎవరూ షట్టర్ దించలేరు.

నాలుగేళ్ళయింది. ఆ ఆరబెట్టే మెషిన్ షాపులో దిగిన రోజు నాకు నిన్నటిలా గుర్తుంది. డబ్బాలో తిప్పిన బట్ట ఆరిన బట్ట కాదు, ఉడికిన బట్ట అన్నారు మీరు. సూర్యుణ్ణి జీతానికి పెట్టుకున్న షాపు ఊళ్ళో మనదొక్కటే, ఆ ఉద్యోగి చెప్పాపెట్టకుండా సెలవు పెడుతున్నాడు అన్నారు ఆయన. నాకు నవ్వొచ్చింది కానీ మీ ఇద్దరి మొహాలు చూసి మింగేశాను. మీరు దండేలు విప్పుకుని, క్లిప్పుల బుట్ట చంకన పెట్టుకుని వెళ్ళి ఆ మేడ అద్దెకు తీసుకుని, కింద వేరే షాపు పెట్టుకున్నారు. ఎండ మీదా, మెషిన్ మీదా దెబ్బలాడుకుని అక్కాతమ్ముళ్ళు విడిపోయిన ఇల్లు ఇంకెక్కడా ఉండదు. ఇద్దరూ పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. మధ్యలో ఆ కుందేలు నా ఒళ్ళో ఉంది. నాలుగేళ్ళుగా దాని కాళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నాను.

కోపం రావాలంటే ఎదురుగా మనిషి ఉండాలి. ఇప్పుడు మీ ఇద్దరి మధ్య కోపం కూడా లేదు, అలవాటు మాత్రమే ఉంది. అది నాకు భయంగా ఉంది. మీరు లేక ఈ షాపులో నాతో పోట్లాడే దిక్కు లేదు. మీరు ఉన్నప్పుడు చొక్కా కాలరు దగ్గర ఇస్త్రీ మడత సరిగ్గా లేదని రోజుకోసారి తిట్టేవారు. ఇప్పుడు మడతలు ఎలా పడినా అడిగేవారు లేరు. మీకు బెంగ పెట్టుకున్నాను వదినా, అంతే.

ఇంతకీ మీరు వస్తే నాకూ ఒక లాభముంది. తుఫాను వచ్చి లాంచీ ఆగిపోతే, మీ తమ్ముడితో ఒక్కదాన్నే ఒక గదిలో ఎన్ని రోజులని కూర్చోను? కూర్చోడానికి అక్కడ వాషింగ్ మెషిన్ కూడా ఉండదు ఆయనకి.

పెద్దవారు, తప్పులుంటే మన్నించండి. జవాబు రాయకపోయినా ఫరవాలేదు, రండి.

ఇట్లు,
మీతో మాట పడటానికి ఎదురుచూస్తున్న
మీ మరదలు.

తాజా కలం: సోమవారం సాయంత్రం.

స్టాంపు అంటించాక కవరు మళ్ళీ విప్పాను. పైన రాసినదాంట్లో రెండు తప్పులున్నాయి. తెలిసి రాసినవి కావు, నాకు ఇవాళే తెలిశాయి.

తువ్వాళ్ళు మేమే తెచ్చుకోవాలా అని అడగడానికి మధ్యాహ్నం లాడ్జి మేనేజరుకి ఫోన్ చేశాను. పాపం పచ్చ దారం గది కారుతోందట కదా అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. పోయిన ఏడాదే పైకప్పులన్నీ కొత్తగా వేయించారట, తుఫాన్ల కాలం కాబట్టి రెండు మంచాల గదులన్నీ ఖాళీగానే ఉన్నాయట. నిజమే వదినా, ఏడాదిగా ఆ దుప్పట్ల మీద తుప్పు మరక లేదు. నా చేత్తో నేనే ఉతుకుతూ గమనించలేదు. మీ తమ్ముడు మొదటి ఫోన్‌లోనే మూడు మంచాల గది కావాలన్నారట. కిటికీ పక్క మంచం మాత్రం మా అక్కకి ఉంచండి, పొద్దున ఎండ మొహాన పడితే గాని తను లేవదు అని చెప్పారట. అక్కగారు కూడా ఇదే లాంచీలో వస్తున్నారా అని మేనేజరు నన్ను అడిగారు. ఏ అక్క అనబోయి నాలిక కరుచుకున్నాను.

రెండోది. ఇప్పుడే వాన మొదలైంది. షాపు నిండా తడి మూటలు, మనుషులు. మీ తమ్ముడు వాళ్ళనెవరినీ పట్టించుకోకుండా వెనక కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. ఏమిటని వెళ్ళాను. నా వైపు తిరగకుండానే, అక్క బట్టలన్నీ తీసేసింది, తాళ్ళు కూడా విప్పేసింది అన్నారు. ఇంక వానలు తగ్గేదాకా తనకి పనుండదు అన్నారు. శుభవార్త చెబుతున్నట్టు చెప్పారు.

నాకు అప్పటికి గాని వెలగలేదు. మామగారు వానల్లోనే వెళదామని ఎందుకనేవారో, ఈయన ఈ వారమే కావాలని ఎందుకు పట్టుబట్టారో. ఎండలో ఆరబెట్టేవాళ్ళకి వానే కదా సెలవు. మాకు మెషిన్ వచ్చాక ఆ సెలవు పోయింది. ఇప్పుడది మీకొక్కరికే మిగిలింది. మీ సెలవు చూసుకుని ఆయన మా పంట వారం వదిలేశారు. రమ్మని అడగడానికి మాత్రం నోరు రాక, మెషినెక్కి ఊగుతున్నారు.

పోస్టుకి ఇంక వ్యవధి లేదు. చీకటి పడేలోగా నేనే ఆ ప్లాస్టిక్ కవరు తొడుక్కుని వచ్చి ఈ ఉత్తరం మీ షట్టర్ కిందకి తోసి వెళతాను. నన్ను చూసి ఎవరో సూటు తెచ్చి ఇచ్చారనుకోకండి.

మీరు వస్తారో రారో ఆయన అడగలేరు, నేను చెప్పనూలేను. కాబట్టి ఒక్క పని చేయండి. వచ్చేట్టయితే రేపు పొద్దున మీ మేడ మీద ఒక తాడు కట్టి, ఒక్క దుప్పటి వేయండి. వాన పడుతున్నా సరే. ఆయన లేవగానే ఆ కిటికీ దగ్గరికే వెళతారు. ప్రాణం పోయినా మీరు వానలో బట్ట ఆరేయరని ఆయనకంటే తెలిసినవారు లేరు. చూడగానే అర్థమవుతుంది.

తడిసిన దుప్పటి గురించి బెంగ వద్దు. దాన్ని ఎండలో ఆరబెట్టాలా, మెషిన్‌లోనా అన్నది దీవి నుంచి వచ్చాక దెబ్బలాడుకుందాం.