ఎడమ చెవి వైపు

లా కోంబెట్,
మార్చి, 1957.

చిరంజీవి అన్‌సెల్మ్‌ను మేరీమాత వెయ్యి కళ్ళతో కాచుకోవాలని ప్రార్థిస్తూ అమ్మ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేం క్షేమం. క్షేమమంటే ఇద్దరం ఊపిరితో ఉన్నాం, పొయ్యి వెలుగుతోంది, ఆవులు పాలిస్తున్నాయి. మిగతాది చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

దీన్ని టపాలో వెయ్యడం లేదు. జున్ను చేసే ఫెలీసియన్ కొడుకు సెలవు అయిపోయి మళ్ళీ మీ అల్జీరియా యుద్ధానికే వస్తున్నాడు, వాడి చేతికిస్తున్నాను. వాడు చదువుతాడన్న భయం లేదు, అక్షరాలంటేనే వాడికి ఒళ్ళుమంట. నువ్వు మాత్రం పక్కన ఎవరూ లేనప్పుడు చదువుకుని పొయ్యిలో పారెయ్.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. నుదుటిమీద నీ గడ్డం మచ్చలాంటిదే ఒకటుంది, చూసినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు, కోప్పడకు. మంచుకి కూలిన కొండవాలు కంచెను తమ్ముడు ఫిర్మిన్ ఒక్కడే మళ్ళీ పాతాడు. అది ఈ గొడవకి ముందు సంగతి. మేజోళ్ళు పంపుతున్నాను. మడమ దగ్గర రంగు మారింది, బూడిదరంగు ఉన్ని అయిపోయింది. నీ మడమలు ఎవరు చూడొచ్చారులే.

ఇక కింద గీత గీసి మరీ అడిగావే, తమ్ముడి సైన్యం వైద్య పరీక్ష ఏమైందని, అది ఒక్క మాటలో తేలేది కాదు.

నీ పోయిన ఉత్తరం నా జేబులోనే మడతలు చివికిపోయింది. మీ గుడారంలో ఉండే కుర్రాడు ఒంటికి లేచి బయటికెళ్ళి, కాపలావాడు ‘ఎవరది’ అని అరిచినా వినిపించుకోక, మీవాళ్ళ తూటాకే పోయాడని రాశావు. కడుపులో తగిలిందనీ, తెల్లారేదాకా వాళ్ళమ్మని పిలిచాడనీ కూడా రాశావు. అది నాకెందుకు రాశావురా? ఆ కుర్రాడి మొహం నేనెన్నడూ చూడలేదు, అందుకని కళ్ళు మూస్తే వాడికి ఫిర్మిన్ మొహమే వచ్చి అతుక్కునేది. ఆ కిందే నువ్వు, “అమ్మా, తమ్ముణ్ణి ఇక్కడికి రానివ్వకు, కాలు విరగ్గొట్టైనా సరే ఆపు” అన్నావు.

ఆపాల్సిన పనేముందిలే అనుకున్నాను. చిన్నప్పటి జ్వరం వాడి ఎడమ చెవిని పూర్తిగా తినేసిందాయె. ఆ పక్కన నిలబడి తుపాకీ పేల్చినా తల తిప్పడు. డాక్టరు వెనక నిలబడి ఒక్కో చెవిలో అంకెలు గొణుగుతాడు, వీడు చెప్పలేడు, ఇంటికి పంపేస్తారు. నేను నిశ్చింతగా నిద్రపోయాను. ఈ ఊరి మగపిల్లల బుర్రలు ఎలా పనిచేస్తాయో మర్చిపోయాను చూడు, అదీ నా తెలివితక్కువతనం.

నీకు తెలియంది కాదు. పరీక్ష నెగ్గినవాడు టౌన్ హాలు మెట్లు దిగగానే ‘పనికొస్తాడు’ అని రాసున్న రిబ్బను పువ్వు టోపీకి గుచ్చుకుంటాడు. పువ్వు లేనివాడు బండి ఎక్కకూడదు, వెనక నడిచి రావాలి. ఆడపిల్లలు గుమ్మంలోకొచ్చి వైను పోసేది పువ్వున్నవాళ్ళకే. రంపపు మిల్లు ఎమీల్ ఎప్పుడో కుర్రతనంలో అలా బండి వెనక నడిచాడా, ఇప్పటికీ వాణ్ణి ‘పనికిరానోడు’ అనే పిలుస్తారు. చిన్నపిల్లలు వాడి పేరే అదనుకుంటారు.

పరీక్ష రోజు పొద్దున్నే కుర్రాళ్ళు జెండా, డోలు పట్టుకుని బండెక్కి పట్నం వెళ్ళిపోయారు. నేను బట్టల మూట నెత్తికెత్తుకుని చాకిరేవుకి పోయాను. పక్క రాతిమీద సోలాంజ్ ఉతుకుతోంది. ఫిర్మిన్ జతగాడు ఓగుస్త్ చెల్లెలే, మనవాడు ఏడాదిగా దాని చుట్టూ తిరుగుతున్నాడు. ఊరికే మాటవరసకి అన్నాను, “సాయంత్రం వాడు బండి వెనక నడిచొస్తాడే పిల్లా, అయినా ఒక గ్లాసు వైను పొయ్యి, నీ పుణ్యం ఉంటుంది” అని.

అది కిసుక్కున నవ్వింది. “మీకింకా తెలీదా అత్తా? బండెక్కే వస్తాడు. నెల రోజుల నుంచి మా గడ్డి కొట్టంలో అభ్యాసం చేస్తున్నారుగా! డాక్టరు వెనక నుంచి అంకె చెప్పగానే, ఎదురుగా వరసలో నిలబడ్డ మా అన్నయ్య ఆయన పెదాలు చూసి తొడ మీద వేళ్ళు పెట్టి చూపిస్తాడు. అందరూ బట్టల్లేకుండానే ఉంటారంట కదా, చేతులు ఎక్కడ పెట్టుకున్నా ఎవరూ చూడరంట.”

“ఎందుకే ఈ పని?”

“పువ్వు లేనోడితో నేనెలా డాన్సు చేస్తాను, మీరే చెప్పండి!” అంది, నేనేదో వింతమాట అడిగినట్టు.

తడి బట్టలు అక్కడే వదిలేశాను. చేతిలో బట్టలు బాదే కర్ర ఉందన్న స్పృహ కూడా లేదు. పట్నం దారి పొడుగునా పరుగో నడకో తెలీకుండా పోయాను.

టౌన్ హాలు మెట్ల దగ్గర పోలీసు అడ్డొచ్చాడు, “ఆడవాళ్ళు పైకి వెళ్ళకూడదమ్మా.” మోచేత్తో వాడి పొట్టలో ఒక్కటిచ్చి పైకెక్కాను. తలుపు తోస్తే ఏముంది, చలికి వణుకుతూ వరసగా మన కుర్రాళ్ళంతా, పుట్టినప్పుడు ఎలా చూశానో అలా. చేతులడ్డం పెట్టుకుని ఒకటే అరుపులు. బల్ల వెనక భుజం మీంచి మూడురంగుల పట్టీతో మన మేయరు పెల్లిసియే, పక్కన సైన్యం అధికారి, ఇద్దరు డాక్టర్లు. ఫిర్మిన్ అప్పుడే ఎత్తు కొలిచే పీట మీద నుంచి దిగుతున్నాడు. వాడి పేరు పక్కన ముద్ర పడిపోయింది.

“వాడికి ఎడమ చెవి వినపడదు! మోసం చేశారు, మళ్ళీ చూడండి!” అని గొంతు చించుకున్నాను.

అధికారి నవ్వాడు. “ఈ రోజు ఏ తల్లి కొడుకు చెవిటివాడు కాడు, ఏ తల్లి కొడుకు కుంటివాడు కాడు? తీసుకెళ్ళండి.”

“మేయరుగారూ, మీకు తెలీదా? మీ ఇంట్లో పాలు పోసేటప్పుడు వాణ్ణి కుడివైపు నుంచే పిలుస్తారుగా! చెప్పండి!”

పెల్లిసియే కిటికీలోంచి బయటికి చూశాడు. మన ఊరి కుర్రాడు ఒక్కడు పనికిరాడని తిరిగొచ్చినా పక్క ఊరి మేయరు ముందు తల దించుకోవాలి మరి. అప్పుడు మీ తమ్ముడు, దిసమొలతో, చెంపలు కందిపోయి, నా కళ్ళలోకి చూస్తూ అన్నాడు, “క్షమించండి సార్. ఈవిడ మా అమ్మే. నాన్న పోయినప్పటి నుంచి మతి నిలకడగా లేదు.”

అన్‌సెల్మ్, ఆ తర్వాత పోలీసు నన్ను జుట్టు పట్టుకుని మెట్ల మీద ఈడ్చాడు, మోకాలు చీరుకుపోయింది, ఒక పన్ను కదిలింది. అవేవీ నొప్పి అనిపించలేదు.

మెట్ల కింద ఫౌంటెన్ దగ్గర పక్క ఊరు వోజెల్ కుర్రాళ్ళు పువ్వులు గుచ్చుకుని తాగుతున్నారు. మనవాళ్ళు దిగి రాగానే మొదలుపెట్టారు. వాళ్ళలో ఎముకల పోగులా పొడుగ్గా ఉంటాడే రెమీ, వాడు గ్లాసెత్తి, “ఒరేయ్ ఫిర్మిన్, అల్జీరియాకి మీ అమ్మ ఒళ్ళో కూచుని వెళ్తావా? పాలు పట్టిందా ఇప్పుడు?” అన్నాడు. ఇంకొకడు మన జెండా లాక్కున్నాడు. ఏటా ఉండే గొడవే, ఏటా రెండు ముక్కులు పగిలి ఆ తర్వాత కలిసి తాగుతారు. ఈ ఏడు అలా ఆగలేదు. ఏడాదిగా అల్జీరియా నుంచి ఊళ్ళోకి వస్తున్న పెట్టెల్లో ఏముంటోందో వాళ్ళకీ తెలుసు. ఆ భయమంతా పిడికిళ్ళలోకి వచ్చినట్టుంది.

సీసాలు పగిలాయి. జెండా కర్ర విరిచి దాంతోనే ఓగుస్త్ నోటి మీద కొట్టారు, వాడు నెత్తురూ పళ్ళూ కలిపి ఉమ్మాడు. డోలు ఎవడి తలకో తొడిగి ఆ తలనే బాదారు. బెల్టుల కొక్కేలు గాలిలో తిరిగాయి. ఇక మీ తమ్ముడు, రెమీని కిందపడేసి, గుండెల మీద కూచుని, జుట్టు పట్టుకుని వాడి తలని ఫౌంటెన్ రాతికేసి కొడుతున్నాడు. ఒకసారి కాదు. రెమీ కళ్ళు తేలిపోతున్నాయి. “చెప్పరా ఇంకోసారి, చెప్పు!” అని వీడు అరుస్తూనే ఉన్నాడు. ఆవు ఈనేటప్పుడు గుడ్డతో కళ్ళు తుడుచుకునే వాడు వీడేనా అనిపించింది.

నేను ఎడమవైపు నుంచి వెళ్ళాను. పిలిచాను. మళ్ళీ పిలిచాను, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా. వాడు తల తిప్పలేదు.

ఇక్కడిదాకా ఊరంతా చెప్పుకునేదే. ఇక రాయబోయేది నాకూ దేవుడికీ మాత్రమే తెలుసనుకున్నాను.

ఆ కుర్రవాడి ప్రాణం కాపాడ్డానికి అడ్డుపడ్డానని చెప్పుకోవచ్చు. కోపంలో చెయ్యి జారిందని చెప్పుకోవచ్చు. రెండూ అబద్ధాలే. వాడి చెవి వెనక నిలబడి, అల్జీరియాలో ఎవడో ఒకడు సరిగ్గా ఇలాగే వస్తాడు, వీడికి వినపడదు, అనుకున్నాను. రెమీ తల కోసం వాడి కుడిచెయ్యి పైకి లేచింది. పొద్దుటి నుంచీ చేతిలోనే ఉన్న బట్టలు బాదే కర్ర రెండు చేతులా ఎత్తి ఆ ముంజేతి మీద, చూసి, బలంకొద్దీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. మళ్ళీ కొట్టాను, సరిగా విరిగిందో లేదోనని. నువ్వు కాలన్నావు. కాలు పోతే కొండెక్కలేడని చెయ్యి ఎంచుకున్నాను. పాలు పితకడానికి రెండు చేతులు కావాలన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు.

వాడు స్పృహ తప్పి ఒరిగిపోయాడు. రెమీ వాడి కిందనుంచి పాక్కుంటూ లేచి, విరిగిన జెండా కర్ర పట్టుకుని పరుగెత్తాడు. అందరూ చూసింది అదే. నా చేతిలో బట్టలు బాదే కర్రని ఎవరు పట్టించుకుంటారు? పోలీసులు రెమీని పట్టుకుని కొట్టి లోపలేశారు.

రెమీ వాళ్ళమ్మ మన వాకిట్లోకి వచ్చింది. కిటికీ అద్దం మీదకి రాయి విసిరి, “నా కొడుకు తల పగలగొట్టి, పైగా జైల్లో పెట్టిస్తారా? వాడు నీ కొడుకు చేతిని ముట్టుకోలేదని ఒట్టేస్తున్నాడు. అబద్ధమాడితే నా కొడుకు ఆ అల్జీరియా ఇసుకలోనే చావాలి!” అని రొమ్ము బాదుకుంది. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. తలుపు తియ్యలేదు. తీస్తే చెప్పెయ్యాలి. చెబితే నన్ను తీసుకెళ్తారు, ఆపడానికి నేనుండను, అతుక్కున్న చేత్తో వీణ్ణి ఏడాది తిరక్కుండా మీ దగ్గరికి పంపేస్తారు. ఇంకొక తల్లి కడుపుకోత మీద నా కొడుకుని కాపాడుకోవాలని చూశాన్రా.

తర్వాత పోలీసు సార్జెంటు వాంగ్మూలం రాసుకోడానికి వచ్చాడు. ఫిర్మిన్ చేతికి పిండికట్టుతో బల్ల దగ్గర కూచున్నాడు. టోపీకి పువ్వు అలాగే ఉంది.

“రెమీ నిన్ను జెండా కర్రతో కొట్టాడు, అంతేనా?”

“వాడు కాదు. వాడు నా కింద ఉన్నాడు. దెబ్బ ఎడమవైపు నుంచి పడింది.”

“మరి ఎవరు?”

“చూళ్ళేదు.”

“అడుగుల చప్పుడైనా వినపడాలిగా? ఎవరో ఆడమనిషి నీ పేరు పెట్టి పిలిచిందంటున్నారు.”

నేను నోరు తెరిచాను. వాడు నా వైపు చూడకుండానే, “అమ్మా, సూప్ మాడుతోంది, చూడు” అన్నాడు. పొయ్యి మీద ఏమీ లేదు.

తర్వాత సార్జెంటుతో, పాఠం అప్పజెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. “పిలిచే ఉంటారు సార్. నాకు ఆ చెవి చిన్నప్పుడే పోయింది. పరీక్షలో మోసం చేశాను. ఎలా చేశానో అడగొద్దు. డాక్టర్లని మళ్ళీ చూడమనండి. మా అమ్మకి మతి బాగానే ఉంది. అది కూడా రాసుకోండి.”

రెమీని ఆ సాయంత్రమే వదిలేశారు. డాక్టర్లు ఫిర్మిన్‌ని మళ్ళీ పిలిచి, పనికిరాడని రాసి పంపారు, జైలుకి పంపనందుకు సంతోషించమన్నారు. పట్నం నుంచి వాడు నడిచే వచ్చాడు. సోలాంజ్ గుమ్మంలోకి వచ్చింది గానీ గ్లాసు తేలేదు. పువ్వు పందుల తొట్టిలో కనపడింది. మొన్న రొట్టెలవాడు వాణ్ణి ‘చిన్న పనికిరానోడా’ అని పిలిచాడు. వాడు పలికాడు.

నాతో ఒక్కటే మాటన్నాడు, ఇంటికొచ్చిన రాత్రి. “ఆ కర్ర సబ్బు వాసన వేసిందమ్మా.” అంతే.

అన్‌సెల్మ్, నువ్వు అడిగింది జరిగింది. వాడు అక్కడికి రాడు. రెమీ మాత్రం వేసవిలో వస్తున్నాడట. ఎక్కడైనా కనపడితే మన ఊరివాడే అనుకుని కాస్త చూసుకో, వాళ్ళమ్మ ఒట్టు నా గుండెలో ముల్లులా ఉంది.

ఇంకొక్క సంగతి. మీ తమ్ముడు భోజనాల బల్ల దగ్గర ఎప్పుడూ నాకు కుడిచెవి వచ్చేట్టు కూచునేవాడు, గుర్తుందా? ఇప్పుడు కుర్చీ ఇటువైపు వేసుకున్నాడు. ఎడమ చెవి నా వైపు. రొట్టె కోసి పెడతాను, తింటాడు. నేను ఆవుల గురించీ, నీ గురించీ, చెయ్యి నొప్పి తగ్గిందా అనీ మాట్లాడుతూనే ఉంటాను. వాడికి ఒక్క ముక్క వినపడదు. అయినా ఆపను. బతికున్నవాడు పక్కన కూచుని వినకపోయినా నాకు చాలు.

వీలు చూసుకుని వాడికి ఒక ఉత్తరం రాయి. దానికి చెవితో పని లేదు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ.