హాల్లో పెట్టిన చెమ్మ మిషను

పుంగనూరు, 2005, కార్తీక మాసం

నా పేరు రామక్క. వయసు డెబ్బై దాటింది. కొడుకు మునెప్ప, కోడలు సరోజ, మనవరాలు గౌరితో ఉంటాను. చెప్పేది నేను, రాసేది గౌరి.

వానకు నా గది గోడలు చెమ్మెక్కి, దగ్గుతో నిద్ర లేదు. కొడుకూ కోడలూ నా గది కొలత చెప్పి మరీ బెంగళూరులో చెమ్మ లాగే మిషను ఎంచుకున్నారు. తెచ్చి హాల్లో పెట్టారు! పైగా వాకిలి బార్లా తెరిచారు.

"వీధి చెమ్మంతా అదే తాగతాండాది గదరా!" అన్నాను.

"నీ గదిలో పెడితే ఎవురు సూస్తారు మా?" అన్నాడు మునెప్ప.

"దగ్గేది నేను. సూసేటోళ్లు దగ్గుతారా?"

వాకిలి గడియ పెట్టి, నా పరుపు మిషను పక్కనే వేయించుకున్నాను. రేపు సరోజ పుట్టింటివాళ్లు వస్తారు. లేపుతారేమో... లేవను. మిషను చూడాలంటే నన్ను దాటుకునే చూడాలి.

రామక్క వేలిముద్ర.
సాక్షులు: గౌరి, పక్కింటి నాగమ్మ.