తెల్లరాళ్లు కడిగాక

ఏమండీ,

ఇక్కడ నేనూ పాపా కులాసా. మీరూ వేళకింత తిని నిద్రపోతున్నారనే అనుకుంటాను. పెద్దాఫీసులో కుర్చీ మెత్తగా ఉందని రాశారు, సంతోషం.

పాప దగ్గు తగ్గింది. వంటగది కుళాయి కారుతూనే ఉంది. మీలాగే, చెప్పిన మాట వినదు. రేవు ముందున్న పక్షుల రాళ్లు ఎలా ఉన్నాయని అడిగారు. రెట్టతో తెల్లగా ఉండేవా, ఇప్పుడు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటిని కడిగించమన్న కాగితం మీద మీరు సంతకం పెట్టి వెళ్లినప్పటి నుంచి పంపులతో కడుగుతూనే ఉన్నారు, పైన వలలు కప్పారు. ఒక్క పక్షీ వాలడం లేదు. కంపు పోయిందని ఒడ్డున హోటలువాళ్లు మీ పేరు చెప్పుకుని కిటికీలు తెరుచుకుంటున్నారు.

చేపలు కూడా పోయాయండీ.

వానకి ఆ రెట్ట నీళ్లలోకి దిగితే కంటికి ఆనని నాచు పెరుగుతుందనీ, నాచుకి రొయ్యపిల్లలు, వాటికి చిన్న చేపలు, వాటి వెనకాల పెద్దవీ వస్తాయనీ మీరే కదా నాకు చెప్పింది? భోజనాల దగ్గర రెట్ట గోలేమిటని కసురుకున్నా వినకుండా, చెంబులో నీళ్లతో బల్ల మీద గీసి మరీ చూపించారు. అన్నీ తెలిసి ఎలా సంతకం పెట్టారో నాకు మింగుడుపడటం లేదు. పైవాళ్లని కాదనలేకపోయారు, అంతేగా?

ఇంకో సంగతి. మీకు చెప్పొద్దని తమ్ముడు ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. పడవలవాళ్లంతా మీ మీద అర్జీ పెడదామని కూర్చుంటే వీడు అడ్డంపడ్డాడు. "బావ సంతకం పెట్టిన పనిని తప్పని నా నోటితో అనను" అన్నాడట. అప్పటి నుంచి వాడితో పడవెక్కేవాడు లేడు. దగ్గర్లో చేప లేదు కాబట్టి ఒక్కడే లోతు నీళ్లకి పోతున్నాడు. వల లాగేటప్పుడు పడవ ఒరిగితే పట్టుకునే రెండో చెయ్యి లేదు. మొన్న భుజం వాచి వస్తే, మెట్ల మీద జారానని నాకే కథలు చెప్పాడు. మరదలు, పడవ కనపడేదాకా, ఒడ్డు మీంచి కదలదు. ఆ పిల్లకి నా మొహం ఎలా చూపించను? భయంగా ఉందండీ. మీ మీద కోపంగానూ ఉంది.

ఒంటరిగా వెళ్లొద్దురా అంటే, బావని చిన్నబుచ్చమంటావా అని నన్నే నిలదీశాడు. తప్పని వాడు అనడు. మీరే అనండి. ఆ సంతకం వెనక్కి తీసుకోండి, కుర్చీ పోతే పోనీ. మీ పరువు కాపాడబోయి వాడు పోతే, ఆ పరువుతో నేను కాపురం చెయ్యలేను.

ఇట్లు,
మీకు భార్య కాకముందే వాడికి అక్కనైన నేను