దరఖాస్తులో ఖాళీ పేజీ

వికారాబాద్ నుంచి

అక్కకు తమ్ముడు మల్లయ్య దండాలు. నేను బాగున్నాను, మీరంతా బాగున్నారని తలుస్తాను. నాయన మోకాలి నొప్పి తగ్గిందా? గొర్రెలకు గాలికుంటు రోగం రాలేదు కదా?

ఇక్కడ నాలుగు రోజులుగా ఒకటే ముసురు. వకీలు గారి దగ్గర గుమాస్తా పని బాగానే ఉంది. హోటల్ అన్నం తిని తిని నోరు చచ్చిపోయింది. తాండూరు నుంచి ఎవరైనా రైల్లో వస్తుంటే నాలుగు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం పంపు. ఫికర్ చేయకండి, నేను బాగున్నాను.

నా ప్రాణం తీస్తున్నది లా కాలేజీ దరఖాస్తు. న్యాయశాస్త్రం ఎందుకు చదవాలనుకుంటున్నారో సొంత మాటల్లో రాయమని ఒక పేజీ ఖాళీగా వదిలారు. బి.ఏ. పాసైనవాణ్ణి, ఒక్క పేజీ రాయలేనా అనుకున్నాను. రాసి చూపిస్తే వకీలు గారు పకపకా నవ్వారు.

"గిది అర్జీ గదరా! తాసిల్దారుకు రాసినట్టు కాళ్లు మొక్కుతున్నవు. దయ జూడుమని రాయమన్నరా నిన్ను?"

నేనేం చేయను? మన ఇంట్లో కాగితం అంటే అర్జీయే కదా! రెండోసారి బీదల సేవ, దేశ సేవ అని రాశాను. "గిది అందరు రాసేదే. నీ ముచ్చటేది?" అని చింపేశారు. మూడోది నేనే చింపుకున్నాను. నెలాఖరులోపు పంపకపోతే ఈ ఏడు పోయినట్టే.

నా ముచ్చట నాకు తెలుసక్కా. అందుకే ఇంత చిరాకు. నాయనకు చెప్పనిది ముక్కూ మొహం తెలియని వాళ్లకు ఎలా రాయను? ఇక్కడి నుంచి నాయన పక్కన కూర్చుని పైకి చదువు. ఒక్క మాట మింగకు.

నాయనా, వాగు పక్క మన చెల్కలో తన పశువులు మేపుకోవడానికి ఒప్పందమని పట్వారి ఉర్దూ కాగితం తెచ్చిన రోజు, "నా కొడుకు సదివినంకనే ఏలుముద్ర ఏస్త" అని నలుగురి ముందు నా చేతికిచ్చావు. అప్పుడు నాది నాలుగో తరగతి. సగం మాటలు అర్థం కాలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, గడగడా చదివేసి, "మేత కాగితమే నాయనా" అన్నాను. అది అమ్మకం కాగితం, చెల్క పోయింది. ఇన్నేళ్లూ నువ్వు పట్వారిని తిట్టావు, నన్ను ఒక్క మాట అనలేదు. మోసం ఆయనదే. కానీ నాకు అర్థం కాలేదని అనుంటే నువ్వు వేలిముద్ర వేసేవాడివి కాదు.

లా ఎందుకంటే ఇందుకే. ఇది రాయమంటావా, వద్దంటావా? వద్దంటే బీదల సేవే రాసి పంపుతాను. పెద్దమ్మకు, చిన్నాయనకు నా దండాలు చెప్పండి. నీ కాళ్లకు మొక్కుతున్నాను, దీవించు.

అక్కా, నాయన ఏమంటే అదే రాయి. తిట్టినా సరే, నా మనసు నొచ్చుకుంటుందని మార్చకు.

నీ తమ్ముడు
మల్లయ్య