పిడుగు వేళ్ళ జబ్బు

అమ్మకి,

నీ పెద్ద కూతురు రాసేది. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం, అక్కడ నువ్వూ బాగున్నావని అనుకుంటున్నాను. ఈ వాక్యం ప్రతిసారీ అలవాటుకొద్దీ రాసేస్తాను కదా, ఈసారి మాత్రం ఒక్కో మాటా చూసుకుని రాశాను. నిజంగానే బాగున్నాం. మన చిన్నది పిడుగుకి ఏ జబ్బూ లేదు. నరాల డాక్టరుగారు స్వయంగా చూసి చెప్పారు. కాబట్టి ముందు ఆ గని దగ్గర మీ క్లినిక్‌లో ఒక కుర్చీ చూసుకుని కూర్చో, కాసిని నీళ్ళు తాగు, ఆ తర్వాత మిగతాది చదువు. మిగతాది కాస్త పెద్దదే.

ఈ మాత్రం ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. ఆ గని ఆఫీసులో మీ అందరికీ ఒకటే ఫోను, నీ వెనక ఎప్పుడూ లైను. ఇక్కడేమో నాన్న స్పీకర్ పెట్టి మా మధ్యలో కూర్చుంటారు. ఆయన ముందు నాకు "తిన్నాం, చదువుకుంటున్నాం" తప్ప ఇంకో మాట నోట్లోంచి రాదు. ఇంగ్లీషులో రాస్తే నీతో మాట్లాడినట్టుండదని తెలుగులో రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకో, పరవాలేదు.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. పిడుగు ఊరికే వేళ్ళు కదుపుతోందని నాన్న చెప్పగానే నువ్వు అమ్మలా కాకుండా నర్సులా రాశావు. ఒక చెయ్యా, రెండు చేతులా అన్నావు. రెండూ. కాకపోతే ఒకేలా కదలవు. ఎడమది నెమ్మదిగా, కుడిది గంతులేస్తూ. నిద్రలో కూడానా అన్నావు. నిద్రలో కూడా, అదీ నా పొట్ట మీద. చెంచా చేతిలోంచి జారిపోతోందా అన్నావు. జారదు కానీ దాంతో కంచం అంచు మీద ఒకటి కొట్టి, గ్లాసు మీద ఒకటి కొట్టి, "ఇది దానికంటే పైన" అంటుంది. పిలిస్తే పలక్కుండా ఎటో చూస్తూ ఉండిపోతోందా అన్నావు. ఉండిపోతుందమ్మా. పిలిచి పిలిచి మన గొంతు పోవాలి.

నీ ప్రశ్నల్లో చాలావాటికి అవుననే జవాబు వచ్చేసరికి నాన్న ముఖం పాలిపోయింది. నేను ఒక్కదాన్నే ఆ విషయానికి భయపడలేదు. నా భయం వేరు. ఎందుకంటే ఆ వేళ్ళ సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు. అది జబ్బు కాదమ్మా, పియానో.

మా స్కూలు నుంచి వచ్చే దారిలో స్టేషనరీ షాపు ఉంది చూడు, దాని పైన డాన్స్ స్కూలు. వానాకాలంలో ఒకరోజు తడవకుండా ఆ మెట్ల కింద నిలబడ్డాం. పైనుంచి పియానో వినిపించింది. నేను బూట్లలో నీళ్ళు ఒంపుకుని తల ఎత్తేసరికి పిడుగు లేదు. పైకెళ్ళి చూస్తే క్లాసు అయిపోయింది, అమ్మాయిలు వెళ్ళిపోతున్నారు, ఇది పియానో ముందు మునివేళ్ళ మీద నిలబడి, వాళ్ళు అప్పటిదాకా డాన్స్ చేసిన పాటని ఒక వేలితో వాయిస్తోంది. మధ్యలో ఒకచోట తప్పు పడింది. ఆగి, పియానో మీద పక్క మెట్టు నొక్కి, అదీ కాదని తల అడ్డంగా ఊపి, ఇంకోటి నొక్కి, అప్పుడు ముందుకి వెళ్ళింది. డాన్సులకి వాయించే మాస్టారు టీలో బిస్కెట్ ముంచి అలాగే పట్టుకుని చూస్తున్నారు. అది మెత్తబడి కప్పులో పడిపోయింది కూడా. ఎవరు నేర్పారని అడిగారు. "ఎవరూ నేర్పలేదు. దీన్లోనే ఉందిగా" అంది పిడుగు, పియానోని చూపించి.

అప్పట్నుంచి రోజూ వెళ్తున్నాం. స్టడీ అవర్ అని నాన్నకి చెప్పింది అదే. మాస్టారు మంచివారే కానీ నోరు చేదు. పొగడరు. ఒక్కసారి మాత్రం నాతో, తను ఎన్నో ఏళ్ళు తంటాలు పడి నేర్చుకున్నది ఈ పిల్ల కాళ్ళు ఊపుకుంటూ చేసేస్తోందని, చూస్తే తనకి ఒళ్ళు మండుతోందని చెప్పారు. అలా చెబుతూ నవ్వారు. దీనికి ఇప్పుడు ప్రపంచంలో ప్రతిదీ పియానోలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. కుక్కర్ కూత అంచు విరిగిన మెట్టుకి పక్కదట. మన ఎదురింటి లిఫ్ట్ గంట రెండు మెట్లట, కాని ఒకటి కొంచెం జలుబు చేసినట్టుంటుందట. బకెట్లో నీళ్ళు నిండుతుంటే చెవి పెట్టి, "పైకి ఎక్కుతోంది, ఎక్కుతోంది" అని గోల.

దాచడం దేనికి అంటావు. మన ఇంటి సంగతి నీకు తెలీదా. రాత్రంతా బ్రెడ్ ఫ్యాక్టరీలో పిండి మిషను దగ్గర నిలబడి వచ్చే మనిషి పగలు పడుకోవాలని తలుపు గడియకి గుడ్డ చుట్టాం, కాలింగ్ బెల్ పీకేశాం, కుళాయి కూడా నీళ్ళు దారంలా వచ్చేంత మాత్రమే తిప్పుకుంటాం. పోయినేడు పిడుగుకి వచ్చిన బొమ్మ డోలు ఏమైంది? బీరువా పైకెక్కింది, ఇంకా అక్కడే ఉంది. పియానో సంగతి తెలిస్తే అదీ బీరువా ఎక్కుతుందని నా భయం. మాస్టారేమో, సరిగ్గా నేర్పాలంటే పెద్దవాళ్ళు వచ్చి మాట్లాడాలి, లేకపోతే ఇలా ఎన్నాళ్ళో సాగదు అంటున్నారు. నేను ప్రతిసారీ మా నాన్న ఊళ్ళో లేరని చెబుతూ వచ్చాను. పిడుగు చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. ఇంట్లో ఆ మాటే ఎత్తకూడదని. అది పాపం నోరు కుట్టేసుకుంది. వేళ్ళనే కుట్టుకోలేకపోయింది.

ఇక డాక్టరుగారి దగ్గర జరిగింది చెబుతాను. నాన్న నిద్ర మానుకుని, ఫ్యాక్టరీ చొక్కాతోనే మమ్మల్ని తీసుకెళ్ళారు. డాక్టరుగారు పిడుగుని చేతులు చాపమన్నారు. చాపింది, ఒక్క వేలూ కదల్లేదు. ముక్కు ముట్టుకోమంటే ముట్టుకుంది, గీత మీద నడవమంటే నడిచింది. సరే కూర్చో అన్నారు. కూర్చోగానే డాక్టరుగారి బల్ల అంచు మీద వేళ్ళతో మొదలెట్టేసింది. ఆవిడ పెన్ను పక్కన పెట్టి చూశారు. చాలాసేపు చూసి, "ఇక ఆపమ్మా" అన్నారు.

"కొంచెం ఉండండి. అయిపోవస్తోంది" అంది పిడుగు, తలెత్తకుండానే.

ఏమిటి అయిపోవస్తోంది అని ఆవిడ అడిగారు. పిడుగు నా వంక చూసింది. డాక్టరుగారి వంక చూసింది. "అక్క చెప్పొద్దంది" అంది.

అమ్మా, ఆ గదిలో అందరూ ఒకేసారి నావైపు తిరిగారు. నర్సు కూడా. పియానో అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఏం పియానో అన్నారు నాన్న. ఇంక ఒక్కమాటుగా అంతా కక్కేశాను, వాన దగ్గర్నుంచీ. డాక్టరుగారు పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటున్నారు. "మీరు విన్నారా ఎప్పుడైనా?" అని నాన్నని అడిగారు. లేదన్నారు. "అయితే ముందు వెళ్ళి వినండి. తర్వాత కూడా జబ్బే అనిపిస్తే తీసుకురండి."

దారి పొడుగునా నాన్న మాకంటే నాలుగడుగులు ముందే నడిచారు. అరిచినా బావుండేది. డాన్స్ స్కూలు మెట్ల దగ్గర ఆగి, ఇదేనా అన్నట్టు గడ్డం ఎగరేశారు. లోపల బూట్లు విప్పాలి కదా, నాన్న మేజోళ్ళ నిండా పిండి. ఆ నున్నటి నేల మీద తెల్లటి పాదాల ముద్రలు పడుతూ వచ్చాయి. మాస్టారు కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, "ఊళ్ళో లేని నాన్నగారు మీరేనా?" అన్నారు.

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఇవాళే దిగానండి" అన్నారు నాన్న.

నమ్ముతావా? నా వంక చూడనైనా చూడలేదు. తొణక్కుండా అనేసి, వెళ్ళి గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నారు. నాకు అప్పటికప్పుడు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది.

పిడుగు స్టూలు ఎక్కి, వాయించబోతూ ఆగి, నాన్నకి ముందే వివరంగా చెప్పింది. "ఎడమ చెయ్యి నువ్వు నాన్నా. మెల్లిగా ఇంటికొస్తున్నావు. కుడి చెయ్యి అమ్మ. చాలా దూరం వెళ్తుంది చూడు, కానీ మళ్ళీ మధ్యకి వచ్చేస్తుంది." మరి అక్కెక్కడ అన్నారు నాన్న. "అక్క పెడల్, మాస్టారు కాలితో నొక్కుతారే అది. కింద కనపడకుండా ఉంటుంది, కానీ అది లేకపోతే ఏదీ అతుక్కోదు."

తర్వాత వాయించింది. దాన్ని రాయడం నా వల్ల కాదమ్మా. ఇంట్లో అన్నం తినమంటే ఏడ్చి గీపెట్టే మన పిడుగే, కానీ వీపు నిటారుగా పెట్టి, ఎవరో పెద్దవాళ్ళు నెమ్మదిగా మంచి మాటలు చెబుతున్నట్టు వాయించింది. కుడి చెయ్యి చివరి మెట్టు దాకా వెళ్ళినప్పుడు స్టూలు మీంచి సగం లేవాల్సొచ్చింది. అక్కడ నాన్న కూడా బెంచీ మీంచి సగం లేచారు, అది పడిపోతుందేమోనని. పడలేదు. మధ్యకి వచ్చేసింది.

అయ్యాక కాళ్ళు ఊపుతూ, "నీ నిద్ర చెడిపోయిందా నాన్నా?" అంది.

"చెడిపోయింది. ఇంకోసారి చెడగొట్టు" అన్నారు.

ఇంటికొస్తూ మాత్రం మా పక్కనే నడిచారు. మీ టైమేంటి అని అడిగారు. నాలుగు నుంచి ఆరు అన్నాను. తనకి నాలుగింటికే మెలకువ వచ్చేస్తుందని చెప్పారు. నువ్వు వెళ్ళినప్పట్నుంచీ అంతేనట. లేచి తిరుగుతుంటే మేం వచ్చి చూసి, నాన్నకి నిద్ర పట్టడం లేదని నీకు రాస్తామని, అలారం మోగేదాకా కళ్ళ మీద గుడ్డేసుకుని అలాగే పడుకుంటారట. "అంత చప్పుడు లేని ఇంట్లో ఏం చెయ్యాలో తోచదే" అన్నారు. ఆయన కోసం మేం బయట, మా కోసం ఆయన మంచం మీద. ఇప్పుడు రోజూ నాలుగింటికి మెట్ల కింద మాకంటే ముందే నిలబడి ఉంటున్నారు. మాస్టారు ఈ వారం నుంచి సరిగ్గా నేర్పడం మొదలెట్టారు. ఇంక నువ్వు సరేనంటే చాలు. నువ్వు ఏమంటావో అని నాన్న కూడా నాలాగే జంకుతున్నారు, అందుకే ఉత్తరం నా చేత రాయిస్తున్నారు.

ఇంకొకటి ఉందమ్మా. ఇప్పటిదాకా రాసింది నాన్నకి చూపించాను, ఇక్కడ్నుంచి చూపించను.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందురోజు నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్తే నాన్న స్టవ్ ముందు నిలబడి ఉన్నారు. స్టవ్ వెలిగించలేదు. తన రెండు చేతులూ కిటికీ వెలుతురులోకి చాపి, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి తెరుస్తున్నారు. ఆ మిషను అదురుకి షిఫ్టు దిగాక ఆయన వేళ్ళు వణుకుతాయి కదా. "నా నుంచే వచ్చిందేమో దీనికి" అన్నారు, నాతో కాదు, తనలో తనే. నేను ఒక్క మాట చెబితే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. మింగేసి, ఖాళీ గ్లాసుతో గదిలోకి వచ్చేశాను. పియానో పోతుందేమోనని, నాన్నని ఆ రాత్రంతా ఆ భయంతోనే పనికి వెళ్ళనిచ్చాను. నువ్వు నన్ను తిట్టాల్సింది దీనికి, మిగతాదానికి కాదు.

ఇంతవరకు రాసి కలం పెట్టేశాను. నీకు చెప్పి ఆయనకి చెప్పకపోతే మళ్ళీ దాచినట్టే కదా అనిపించింది. లేచి వెళ్ళి చెప్పేశాను. నాన్న షూ లేసు కట్టుకుంటున్నారు డ్యూటీకి. మొత్తం విన్నారు. రెండో లేసు కూడా కట్టుకున్నారు. తిడతారనుకున్నాను. చేతులు రెండూ ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"అయితే నా నుంచి కాదంటావా?" అన్నారు, కాస్త నిరాశగా. "కొంచెమైనా నా నుంచే వచ్చుంటుంది. ఏమంటావు?"

వచ్చే ఉంటుంది నాన్నా అన్నాను. ఆయన ఈల వేసుకుంటూ మెట్లు దిగారు. నువ్వు ఫోన్ చేసినప్పుడు అదంతా మీ పుట్టింటి పోలికని మాత్రం అనకమ్మా.

ఇట్లు,
కనపడకుండా కింద ఉండే
నీ పెద్ద కూతురు